ఎంజీబీ కారు కొనడం, బాగుచేసుకోవడం ఎలా

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు మీద మనసుపడి కొనడానికి వెళ్లినవారు సాధారణంగా ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు, తరువాత సీట్లలో కూర్చుని స్టీరింగు పట్టుకుంటారు, ఇంకా ఓపిక ఉంటే ఆఖరున వంగి కింద చూస్తారు. మీరు ఈ వరుసను తిరగేయండి. ఇంజిన్ ఎంత పాడైనా దాన్ని దించి, విప్పి, అరిగిన భాగాలు మార్చి తిరిగి బిగించవచ్చు. దానికయ్యే ఖర్చును ముందే లెక్కవేయవచ్చు. తుప్పు పట్టిన బాడీ అలా కాదు. పైకి అరచేయంత కనిపించిన తుప్పు, కోసి చూస్తే మూరెడు ఉంటుంది.

ఈ రకం కార్లలో మొదటిసారి కొనేవారికి నేను సూచించేది బ్రిటిష్ ఎంజీ కంపెనీ వారి ఎంజీబీ. 1962 నుంచి 1980 అక్టోబరులో కర్మాగారం మూతపడేవరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి కార్లకూ, విడిభాగాలకూ, వాటిని ఎరిగిన మెకానిక్కులకూ నేటికీ కరవు లేదు. బ్రిటన్‌లో ఉండి కొనేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అమెరికాలో ఉన్నవారికి కాగితాల సంగతి తప్ప మిగతాదంతా పనికివస్తుంది, ఎందుకంటే తయారైన రోడ్‌స్టర్లలో ఎక్కువ భాగం వెళ్లింది అక్కడికే.

ఏ నమూనా ఎంచుకోవాలి

పైకప్పు మడిచే రోడ్‌స్టర్, వెనక తలుపుతో గట్టి పైకప్పు ఉన్న జీటీ అని ఎంజీబీలో రెండు రూపాలున్నాయి. జీటీ 1965లో వచ్చింది. దాని ధర సాధారణంగా రోడ్‌స్టర్ కంటే తక్కువగా ఉంటుంది, పైకప్పు ఉండడంవల్ల బాడీకి కాస్త దన్ను ఎక్కువ, వాన కురిసే దేశంలో ఏడాది పొడవునా నడపడానికి వీలు ఎక్కువ. రోడ్‌స్టరే కావాలని పట్టుబట్టేవారిని ఎవరూ ఆపలేరనుకోండి.

1967 చివరలో వచ్చిన మార్పులు కొనేవారికి ముఖ్యమైనవి. అప్పటిదాకా మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే అమరిక) లేదు, డైనమో ఉండేది, బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉండేది. ఆ తరువాత నాలుగు గేర్లకూ సింక్రోమెష్, ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ వచ్చాయి. ఇంజిన్ మాత్రం మొదటినుంచి చివరిదాకా 1798 సీసీదే; 1964 చివర్లో క్రాంక్‌షాఫ్ట్‌కు మూడు బేరింగుల బదులు ఐదు పెట్టారు. 1974 చివరినుంచి అమెరికా నిబంధనలకోసం క్రోము బంపర్లు తీసేసి నల్లటి రబ్బరు బంపర్లు పెట్టి, కారును అంగుళంన్నర పైకి లేపారు. మలుపుల్లో అవి కాస్త ఒరుగుతాయన్నది నిజమే. అయినా, అందం తగ్గిందని చాలామంది వాటిని చిన్నచూపు చూస్తారు కాబట్టి, అదే డబ్బుకు మంచి బాడీ ఉన్న కారు దొరికే అవకాశం వాటిలోనే ఎక్కువ. ఆరు సిలిండర్ల ఎంజీసీ, వీ8 ఇంజిన్ ఉన్న జీటీ మొదటి కారుగా వద్దు.

చూడ్డానికి వెళ్లేముందు

ప్రకటనలో ఉన్న నంబరు ప్లేటును ప్రభుత్వ ఎంఓటీ (ఏటా జరిగే వాహన భద్రతా పరీక్ష) వెబ్‌సైటులో కొట్టి చూడండి. 2005 నుంచి జరిగిన పరీక్షల ఫలితాలు, మైలేజీ, పరీక్షకుడు రాసిన హెచ్చరికలు అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. ఒక ఏడాది సిల్స్‌కు (తలుపుల కింది రేకు పట్టీలకు) తుప్పు ఉందని రాసి, మరుసటి ఏడాది ఆ ఊసే లేకపోతే మధ్యలో ఏదో పని జరిగినట్టే. ఆ పని ఎవరు చేశారో, ఫొటోలు, బిల్లులు ఉన్నాయో లేవో అమ్మేవారిని అడగండి. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు 2018 నుంచి ఎంఓటీ తప్పనిసరి కాదు కాబట్టి కొన్నింటికి ఇటీవలి రికార్డు దొరకదు. అలాంటప్పుడు కొత్తగా ఎంఓటీ చేయించి ఇస్తే కొంటానని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. దానికి ఒప్పుకోని వ్యక్తి దగ్గర ధర తగ్గించమని అడగడం కంటే లేచి రావడం మేలు.

వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలోని ఛాసిస్ నంబరు కారు మీది ప్లేటుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సాధారణంగా రోడ్‌స్టర్ నంబరు జీహెచ్ఎన్ అక్షరాలతో, జీటీది జీహెచ్‌డీ అక్షరాలతో మొదలవుతుంది. కారు ఏ రంగులో, ఏ అమరికలతో కర్మాగారం దాటిందో తెలిపే హెరిటేజ్ సర్టిఫికెట్‌ను గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం రుసుము తీసుకుని ఇస్తుంది, కొన్నాక తెప్పించుకోవచ్చు.

మోకాళ్ల మీద కూర్చుని చూడవలసినవి

వాన లేని పగటిపూట వెళ్లండి. తడిసిన పెయింటు అన్ని లోపాలనూ దాస్తుంది. వెంట టార్చి, పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, పాత బట్టలు, కింద పరచుకోవడానికి అట్ట తీసుకెళ్లండి.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు. కారు బరువంతా బాడీయే మోస్తుంది, అందులోనూ తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే సిల్స్ మోస్తాయి. బయటికి కనిపించే సిల్ ఒక రేకు మాత్రమే. దాని వెనక నిలువుగా ఇంకొక రేకు, అడుగున కాసిల్ రైల్ అనే మడతల పట్టీ ఉంటాయి. ఈ మూడూ కలిసి ఒక పెట్టెలా ఏర్పడితేనే బలం. రోడ్‌స్టర్‌కు పైకప్పు కూడా లేదు కాబట్టి ఇవి లోపల తినేస్తే కారు మధ్యలో కుంగుతుంది.

మొదట నిలబడి తలుపు సందులు చూడండి. తలుపుకూ వెనక వింగుకూ (చక్రాన్ని కప్పే బాడీ రేకు) మధ్య ఉన్న సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పయితే బాడీ కుంగిందని అర్థం. తరువాత సిల్ వెనక చివర, వెనక చక్రానికి ముందుండే మూల దగ్గర అయస్కాంతం ఆనించి చూడండి. పెయింటు మెరుస్తున్నా అయస్కాంతం పట్టకపోతే అక్కడ ఉన్నది పుట్టీ. ముందు వింగు కింది చివరను, తలుపు అద్దానికి ముందున్న చిన్న త్రికోణపు అద్దం కింద తలుపు రేకు చీలిందేమోనని కూడా చూడండి. ఈ చీలిక ఎంజీబీలకు పుట్టుకతో వచ్చిన జబ్బు, భయపడవలసినది కాదు.

ఇప్పుడు కింద పడుకుని, కాసిల్ రైల్ బయటి సిల్‌ను కలిసే అతుకును టార్చి వేసి చివరినుంచి చివరిదాకా చూడండి. రేకులు ఒకదాని మీద ఒకటి ఆని, మధ్యలో వరుసగా స్పాట్ వెల్డింగు గుంటలో, వాటి స్థానంలో శుభ్రంగా నింపిన వెల్డింగు చుక్కలో కనిపించాలి. అలా కాక దళసరి నల్లటి తారులాంటి పూత మాత్రమే కనిపిస్తే, లేదా పాత సిల్ మీద ఇంకొక రేకు కప్పి అంచులు అతికించి ఉంటే, ఆ కారు ధర ఎంత తక్కువైనా దాన్ని తుప్పు పట్టిన కారుగానే లెక్కకట్టండి. పై రేకు కింద తుప్పు చల్లగా తన పని తాను చేసుకుపోతుంటుంది. యజమాని అనుమతి తీసుకుని స్క్రూడ్రైవరు పిడితో సిల్ పొడవునా తట్టితే, గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన చోటు మొద్దుగా పలుకుతుంది.

సీట్ల వెనక తివాచీ ఎత్తితే బ్యాటరీ మూత ఉంటుంది. 1974 దాకా అక్కడ రెండు 6 వోల్టుల బ్యాటరీలు పక్కపక్కన ఉండేవి, తరువాత ఒకటే 12 వోల్టులది పెట్టారు. యాసిడ్ కారి ఆ పెట్టెల అడుగు ఊడిపోవడం మామూలే. దానికి దగ్గర్లోనే వెనక కమాన్ పట్టీల ముందు కొసలు బాడీకి బిగుస్తాయి కాబట్టి ఆ చుట్టుపక్కల రేకు గట్టిగా ఉండడం చాలా అవసరం.

ఇంజిన్, గేరుబాక్సు, రోడ్డు మీద

అమ్మేవారికి ముందే ఫోను చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్టు చేయవద్దని చెప్పండి. చల్లని ఇంజిన్ నిజం చెబుతుంది. తాళం తిప్పగానే వెనకనుంచి ఎస్‌యూ పెట్రోలు పంపు టిక్కుటిక్కుమని కొద్దిసేపు కొట్టుకుని ఆగాలి; ఆగకుండా కొట్టుకుంటే ఎక్కడో కారుతోందనో, పెట్రోలు అందడం లేదనో అనుకోవాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్ల మధ్య ఉండాలి.

రోడ్డు మీద మొదటి మూడు గేర్లలో గుర్రుమనే చప్పుడు వచ్చి నాలుగో గేరులో మాయమైతే గేరుబాక్సులోని లేషాఫ్ట్ బేరింగులు అరిగాయి. వేగం తగ్గించి ఇంజిన్ మీద దిగుతున్నప్పుడు నీలం పొగ వస్తే వాల్వు గైడ్లు అరిగాయి. ఆక్సిలరేటరు వదిలి మళ్లీ నొక్కినప్పుడు వెనక ఠక్కుమంటే అది తీగల చక్రాల స్ప్లైన్లు (చక్రం ఇరుసును పట్టుకునే గాడులు) కావచ్చు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు కావచ్చు, డిఫరెన్షియల్ వాషర్లు కావచ్చు; చక్రాన్ని జాకీ మీద లేపి, బ్రేకు ఎవరైనా తొక్కి పట్టుకోగా చక్రం తిప్పి చూస్తే స్ప్లైన్ల సంగతి తేలిపోతుంది. ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న కారు దొరికితే వదలకండి. మోటార్‌వే మీద ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక్కడ మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఈ ఇంజిన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్‌కు చెందినది. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ది కూడా అదే కుటుంబం. విజయవాడలోనో హైదరాబాదులోనో అంబాసిడర్లకు టాపెట్లు సరిచేసిన పాత మెకానిక్కు ఎంజీబీ బానెట్ ఎత్తితే పరాయి చోటికి వచ్చినట్టు అనుకోడు. టాపెట్ల సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఖాళీ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం. ఎనిమిది వాల్వులకు తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకోండి: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది, ఇలా రెండూ కలిపితే తొమ్మిది వచ్చేలా సరిచేయాలి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారంలోనే కారంతా విప్పి గ్యారేజీ నిండా పరవాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అమ్మకానికి వచ్చే ఎంజీబీలలో సగం విప్పి భాగాలు అట్టపెట్టెల్లో సర్దినవి తక్కువేమీ కాదు, అవన్నీ ఇలాంటి ఉత్సాహంతోనే మొదలైనవి. కారును నడిచే స్థితిలో ఉంచుతూ, ఒక విభాగం విప్పి, బాగుచేసి, బిగించి, కొన్ని మైళ్లు నడిపి, తరువాతే ఇంకొక దాని మీద చేయి వేయండి.

వరుస ఇలా ఉండాలి. మొదట ఆపే వ్యవస్థ: బ్రేకు గొట్టాలు, రబ్బరు హోసులు, సిలిండర్లు చూసి ద్రవం పూర్తిగా మార్చండి, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తరువాత పెట్రోలు. 2021 నుంచి బ్రిటన్‌లో సాధారణ పెట్రోలు ఈ10, అంటే అందులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది; అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగలగొడుతుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే ఆర్9 రకానివి వేసి, బంకులో ఈ5 సూపర్ పోయించుకోండి. వేడి ఎగ్జాస్టు పక్కనే పెట్రోలు కారడం చూశాక ఎవరికీ ఈ విషయంలో పిసినారితనం రాదు. వాల్వు సీట్లను అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోలు 1999తో పోయింది కాబట్టి సిలిండర్ హెడ్ ఎప్పుడు దించినా గట్టి ఎగ్జాస్టు వాల్వు సీట్లు వేయించండి. దానికోసమే దించవలసిన పని లేదు.

పానాలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ కారు నట్లు అంగుళాల కొలతవి. మన ఇళ్లలో ఉండే మిల్లీమీటర్ల పానాలు పట్టినట్టే పట్టి నట్టు మూలలు అరగదీస్తాయి. ఏఎఫ్ అని రాసి ఉన్న సెట్టు ఒకటి కొనండి, అందులో 7/16, 1/2, 9/16 అంగుళాలవి మీ చేతిలోనే ఉంటాయి.

క్లచ్ మార్చాలంటే ఇంజిన్ దించక తప్పదు, కనుక ఇంజిన్ ఏ కారణంతో బయటికి వచ్చినా క్లచ్, రిలీజ్ బేరింగు, వెనక ఆయిల్ సీలు ఒకేసారి మార్చేయండి. ఆ రిలీజ్ బేరింగు కార్బన్ దిమ్మె కాబట్టి సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి నిలబడే అలవాటు మానుకోండి.

టింకరింగ్ పని

సిల్స్ మార్చడం మీరే చేయదలిస్తే వెల్డింగు వచ్చి ఉండాలి. రాకపోతే ఈ ఒక్క పనికి డబ్బు పెట్టండి. ఎవరు చేసినా పద్ధతి ఇదేనా అని గమనించండి. కారు సమతలమైన నేల మీద, బరువు ఇరుసుల దగ్గర ఆని ఉండాలి. సిల్ కింద జాకీ పెట్టి సిల్ కోయడం అంటే కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం. బ్యాటరీ తీసేయాలి, ఆల్టర్నేటరు తీగలు విప్పాలి, పెట్రోలు ట్యాంకు దించాలి, తివాచీలు బయటపడేయాలి, అగ్నిమాపక సిలిండరు చేతికి అందేలా ఉంచాలి. ముందు వింగులు బోల్టులతో బిగించినవే కాబట్టి విప్పవచ్చు. వెనక వింగు వెల్డు చేసింది, దాని కింది మూల కోయాల్సిందే. ముందు వింగు విప్పకుండా, వెనక మూల కోయకుండా సిల్ మార్చానని ఎవరైనా అంటే నమ్మకండి.

కోసేముందు తలుపు కీళ్ల స్తంభం నుంచి తాళం స్తంభం దాకా ఇనుప గొట్టం అడ్డంగా వెల్డు చేయాలి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోకూడదు. పాత రేకులు తీశాక ముందు కాసిల్ రైల్, నేల అంచు, తరువాత లోపలి నిలువు రేకు, ఆఖరున బయటి సిల్. ప్రతి దశలోనూ క్లాంపులతో పట్టి, తలుపు మళ్లీ తగిలించి, మూసి, సందు చూసిన తరువాతే వెల్డింగు. ఈ తలుపు తగిలించి తీయడం విసుగు పుట్టిస్తుంది, కానీ వెల్డింగు అయ్యాక కనిపించిన తేడాను సరిచేయడానికి దారి లేదు.

తుప్పు నాలుగు వైపులా వ్యాపించిన కారైతే కొత్త బాడీ కొనడమూ ఒక మార్గమే. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతోనే 1988 నుంచి ఎంజీబీ బాడీలు తయారుచేస్తోంది. కానీ ఒక్క బాడీ ధరే చక్కగా నడిచే కారు ధరను మించిపోతుంది, ఆ పైన పెయింటు ఖర్చు వేరు. అమ్మితే పెట్టిన డబ్బు రాదని తెలిసీ, ఆ కారే కావాలనుకునేవారికే అది.

వైరింగు, కార్బురేటర్లు

లూకాస్ విద్యుత్ పరికరాల మీద ఇంగ్లాండులో ఉన్నన్ని హాస్యాలు మరి దేనిమీదా లేవు. నిజానికి తప్పు చాలావరకు యాభై ఏళ్ల తుప్పుది. ఏ దీపం వెలగకపోయినా ముందు నల్లటి ఎర్త్ తీగ బాడీకి బిగిసిన చోటు గీకి శుభ్రం చేయండి, తరువాత బుల్లెట్ కనెక్టర్లు లాగి చూడండి. రంగులకు అర్థం ఉంది: గోధుమ రంగు తీగలో బ్యాటరీ కరెంటు ఫ్యూజు లేకుండా ఎప్పుడూ ఉంటుంది, తెల్లది తాళం తిప్పితే వస్తుంది, ఆకుపచ్చది తాళం తిప్పాక ఫ్యూజు గుండా వస్తుంది, ఊదా రంగుది ఫ్యూజుతో ఎప్పుడూ ఉంటుంది. గోధుమ తీగ బాడీకి తగిలితే ఆపే ఫ్యూజు లేదు కాబట్టి, చేయి పెట్టేముందు బ్యాటరీ తీగ విప్పండి.

టాపెట్లు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు, ఇగ్నిషన్ టైమింగు సరిచేశాకే ఎస్‌యూ కార్బురేటర్ల జోలికి వెళ్లండి. ఇంజిన్ వేడిగా ఉండి, ఎయిర్ ఫిల్టర్లు తీసేసినప్పుడు రెండు కార్బురేటర్లూ ఒకేలా గాలి పీలుస్తున్నాయా అన్నది రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటరు గొంతు దగ్గర పెట్టి వినండి. హిస్సుమనే శబ్దం రెండింటా సమానంగా ఉండాలి. తరువాత ఒక్కొక్క దాని పిస్టన్‌ను పక్కనున్న పిన్నుతో గోరుమందం కంటే తక్కువగా పైకి లేపండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైంది, వెంటనే తగ్గితే తక్కువైంది, క్షణం పెరిగి యథాస్థితికి వస్తే సరిగ్గా ఉంది. అడుగున సర్దుబాటు నట్టు ఉన్న రకమైతే దాన్ని ఒక్కో ముఖం చొప్పున మాత్రమే తిప్పండి: కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, పైకి తిప్పితే తగ్గుతుంది. డాష్‌పాట్‌లో (కార్బురేటరు పైనున్న గొట్టంలో) పలుచని ఆయిల్ పోయడం మరచిపోతే, ఈ సర్దుబాటంతా చేశాక కూడా ఆక్సిలరేటరు తొక్కగానే కారు తడబడుతుంది.

వాడుకలో

ఎంఓటీ మినహాయింపు ఉన్నా ఏడాదికోసారి కారును పరీక్షకు తీసుకెళ్లండి. మీకు కనిపించనిది లిఫ్టు కింద నిలబడ్డవారికి కనిపిస్తుంది. చారిత్రక వాహనంగా పన్ను మినహాయింపు దానంతట అది రాదు, వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకు దరఖాస్తు చేయాలి. బీమా ముందే ఒప్పుకున్న విలువకు చేయించండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున మీ వెల్డింగు ఫొటోలకు విలువ కట్టేవారుండరు. విడిభాగాలకూ సలహాలకూ 1973లో మొదలైన ఎంజీ ఓనర్స్ క్లబ్, అంతకంటే చాలా పాతదైన ఎంజీ కార్ క్లబ్ రెండూ ఉపయోగపడతాయి.

పెయింటు ఆరాక, చలికాలం రాకముందే సిల్స్ లోపల, కాసిల్ రైల్ లోపల, తలుపుల అడుగున కేవిటీ మైనం పట్టించి, నీరు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా తీగతో పొడవండి. ముందు చక్రాలు పక్కలకు తిరిగే నిలువు ఇరుసులైన కింగ్‌పిన్నులకు ప్రతి మూడు వేల మైళ్లకూ, లేదా ఏడాదికోసారి, చక్రం గాలిలో ఉండగా గ్రీజు ఎక్కించి, పాత నల్లటి గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా ఆపకండి. తీగల చక్రాలుంటే అదే రోజు వాటిని విప్పి స్ప్లైన్లకు కూడా గ్రీజు రాసి బిగించండి.